ఓసీడీకి మామూలు కౌన్సెలింగ్ సరిపోతుందా, ఈఆర్‌పీయే కావాలా?

తంగేడు: తలుపు తాళం వేశామా లేదా అని పదేపదే వెనక్కి వచ్చి చూసుకునే రకం ఓసీడీ (వద్దన్నా వచ్చే అనుమానాలు, వాటికోసం చేసిందే చేసే జబ్బు) గురించి అడుగుతున్నాను. కౌన్సెలర్ ఓపిగ్గా వింటారు, "ఏం కాదులెండి" అని ధైర్యం చెబుతారు. ఆ పూటకి కుదుటపడుతుంది, మర్నాడు మళ్లీ మామూలే. ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) అనే థెరపీలో అసలేం చేయిస్తారు?

నీలిమేఘం: చిక్కంతా ఆ ధైర్యం చెప్పడంలోనే ఉందండీ. తాళం లాగి చూసుకోవడం ఎంతో, "వేశావులే" అని పక్కవాళ్ల చేత అనిపించుకోవడమూ అంతే. రెండూ కంపల్షన్లే, అంటే భయం తగ్గించుకోవడానికి ఆగలేక చేసే పనులే. భయం వెంటనే దిగుతుంది కాబట్టి మళ్లీ అదే చేయాలనిపిస్తుంది. అమెరికన్ సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ పద్ధతిలో, సలహాలివ్వకుండా మనసుపెట్టి వినే కౌన్సెలింగ్‌ని నేనేమీ తక్కువ చేయను. దుఃఖానికి, ఆత్మన్యూనతకి అది బాగా పనికొస్తుంది. ఓసీడీకి మాత్రం అదొక్కటే చాలదు.

ఈఆర్‌పీ అంటే భయపెట్టేదాన్ని కావాలనే ఎదుర్కోవడం (ఎక్స్‌పోజర్), ఆ తర్వాత కంపల్షన్ చేయకుండా ఆగడం. దీనికి పునాది 1966లో సైకాలజిస్టు విక్టర్ మేయర్ ప్రచురించిన పని. ముందు భయపెట్టే సందర్భాలన్నీ రాసి, ఒక్కోదానికి ఎంత భయమేస్తుందో 0 నుంచి 100 దాకా మార్కులు వేస్తారు. సాధారణంగా 30, 40 ఉన్నవాటితో మొదలు. తాళం ఒక్కసారే వేయాలి, లాగి చూడకుండా నడిచి వెళ్లిపోవాలి. "పడిందేమో, పడలేదేమో" అన్న అనుమానాన్ని అలాగే ఉండనివ్వాలి. ఫోటో తీసుకోవడాలు, ఇంటికి ఫోన్ చేసి అడగడాలు ఉండకూడదు. దీన్ని రోజూ చేయాలి, వారానికోసారి సెషన్‌లో చేస్తే చాలదు.

గూటిపిట్ట: ఎక్కువగా దెబ్బతినేది మనసులో జరిగే కంపల్షన్ల దగ్గర. చేయి తాళం మీదికి పోదు, కానీ తాళం తిప్పిన క్షణాన్ని లోపల నెమరేసుకుంటూ ఉంటారు. అదీ చెకింగే! ఎక్స్‌పోజర్ మధ్యలో భయం తగ్గించుకోవడానికి దీర్ఘశ్వాసలు తీసినా అంతే. మొదటి రోజే 90 మార్కులదానికి దూకితే చాలామంది థెరపీయే మానేస్తారు.

ఇంట్లోవాళ్లు ఒక్కసారిగా నోరు కట్టేసుకోకూడదు. "ఇది ఓసీడీ అడిగించే ప్రశ్నలా ఉంది, జవాబు చెప్పను, పక్కనే ఉంటాను" అనాలని ముందే పేషెంటుతో ఒప్పందం చేసుకోవాలి.

తంగేడు: మందులు వాడుతుంటే?

నీలిమేఘం: రెండూ కలిపి నడపొచ్చు. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు (డిప్రెషన్‌కీ ఇచ్చే, మెదడులో సెరటోనిన్ మీద పనిచేసే రకం) ఓసీడీ మీద ఎంత పనిచేస్తున్నాయో తేలడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. సైకియాట్రిస్టుని అడగకుండా ఆపొద్దు. థెరపిస్టుని ఎంచుకునేటప్పుడు "సెషన్‌లోనే కూర్చుని ఎక్స్‌పోజర్ చేయిస్తారా? వై-బాక్స్ స్కోరు ఎప్పుడెప్పుడు చూస్తారు?" అని సూటిగా అడగండి. అది ఓసీడీ ఎంత తీవ్రంగా ఉందో చెప్పే, 40కి వేసే స్కోరు. మొదటిసారి వచ్చిన అంకెలో కనీసం 35 శాతం తగ్గితే చికిత్స పనిచేసినట్టు లెక్క.