చిన్న సైలెన్సర్‌తో నిండైన ధ్వని రావాలంటే ఏ రకం ఎంచుకోవాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. నాది 1.6 లీటర్ల పెట్రోలు కారు. నాలుగు సిలిండర్లు, టర్బో లేదు, ఎగ్జాస్ట్ పైపు వ్యాసం 51 మి.మీ. వెనక ఉండే అసలు సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లులు పడింది. స్టెప్నీ ఉండే గుంతలో ఇప్పుడు ఎల్‌పీజీ ట్యాంకు అమర్చి ఉన్నందువల్ల పాత కొలతల సైలెన్సర్‌కు అక్కడ చోటు చాలదు. కొత్తదాని పొడవు 350 మి.మీ., ఎత్తు 150 మి.మీ. మించకూడదు. ప్రస్తుతానికి 300 మి.మీ. పొడవు, 125 మి.మీ. వ్యాసం గల గుండ్రటి సైలెన్సర్ బిగించి ఉంది. దాని లోపల రంధ్రాల గొట్టం సూటిగా వెళుతుంది, చుట్టూ ఫైబర్ గ్లాస్ ఉన్ని ఉంటుంది. ఇంజిన్ వేగం నిమిషానికి 4000 చుట్లు దాటితే గరగరమనే పదునైన మోత వస్తోంది. 2200 దగ్గర నిలకడగా నడిపితే కారు లోపల చెవులు దిమ్మెక్కే హోరు మొదలవుతోంది. నాకు కావలసింది మంద్రంగా, నిండుగా వినిపించే ధ్వని. దారిన పోయేవారికి బాధ కలగకూడదు. గదులున్న సైలెన్సర్ వేయించాలా, సూటి గొట్టం రకంలోనే మెరుగైనది వెతకాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

మొదటి సమాధానం:

నమస్కారమండి. కొలతలన్నీ ఇచ్చారు కాబట్టి అంచనాలతో కాకుండా లెక్కతోనే మాట్లాడుకోవచ్చు. మీ రెండు ఇబ్బందులూ రెండు వేర్వేరు పౌనఃపున్యాలకు చెందినవి. ఒక చిన్న డబ్బా రెండింటినీ సరిచేయలేదు. అందువల్ల ఏ రకం మంచిదన్న దానికంటే ముందు, ఏ ధ్వనిని తగ్గించాలో, ఏ ధ్వనిని మిగల్చాలో నిర్ణయించుకోవాలి.

నాలుగు సిలిండర్ల ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ ఒక చుట్టు తిరిగేలోగా రెండు సిలిండర్లు మండుతాయి. నిమిషానికి 2200 చుట్లంటే సెకనుకు సుమారు 36.7 చుట్లు, కాబట్టి ఎగ్జాస్ట్ దెబ్బలు సెకనుకు 73 పడతాయి. మీరు చెప్పిన హోరు ఈ 73 హెర్ట్జ్ దగ్గరిదే అయి ఉంటుంది. 4000 చుట్ల దగ్గర మూల పౌనఃపున్యం 133 హెర్ట్జే అయినా, చెవికి గరగరమని తగిలేది అది కాదు. దాని గుణిజాలుగా పుట్టి వెయ్యి హెర్ట్జ్‌కు అటూఇటూగా, ఆపైన చేరే ధ్వని అది.

ఉన్ని నింపిన సూటి గొట్టం రకం ఈ పై ధ్వనులను మింగడంలోనే దిట్ట. ధ్వని రంధ్రాల గుండా ఉన్నిలోకి చొరబడి, పోగుల మధ్య రాపిడికి వేడిగా మారిపోతుంది. కానీ మీ సైలెన్సర్‌లో 51 మి.మీ. గొట్టం చుట్టూ మిగిలిన ఉన్ని మందం 37 మి.మీ. మాత్రమే. అంత పలుచని పొర 73 హెర్ట్జ్ ధ్వనిని పట్టించుకోనే పట్టించుకోదు, ఎందుకంటే వేడి వాయువులో ఆ ధ్వని తరంగం పొడవు ఆరు మీటర్లకు పైనే ఉంటుంది. ధ్వని వేగం సాధారణ గాలిలో సెకనుకు 343 మీటర్లయితే, 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 480 మీటర్లకు చేరుతుంది. ఎగ్జాస్ట్ లెక్కల్లో ఈ తేడాను మరిచిపోకూడదు. ఇక పై ధ్వనులు కూడా పూర్తిగా ఆగకపోవడానికి కారణం పొడవు చాలకపోవడం. ఈ రకంలో అణిచివేత దాదాపుగా ఉన్ని ఉన్న పొడవును బట్టి పెరుగుతుంది.

గదులున్న రకం వేరే పద్ధతిలో పనిచేస్తుంది. సన్నని గొట్టం నుంచి వాయువు ఒక్కసారిగా విశాలమైన గదిలోకి వచ్చినప్పుడు ధ్వనిలో కొంత భాగం వెనక్కి ప్రతిఫలిస్తుంది, గది నుంచి మళ్లీ సన్నని గొట్టంలోకి దూరేటప్పుడు మరికొంత తిరిగి వెళుతుంది. ఈ ప్రతిఫలనాలు ఎదురొచ్చే ధ్వనిని రద్దు చేస్తాయి. 150 మి.మీ. వ్యాసం, 300 మి.మీ. పొడవు గల ఒకే ఖాళీ గదిని ఊహించండి. గది అడ్డుకోత వైశాల్యం గొట్టం వైశాల్యానికి ఎనిమిదిన్నర రెట్లకు పైగా ఉంటుంది. సిద్ధాంత లెక్క ప్రకారం అది 400 హెర్ట్జ్ దగ్గర అత్యధికంగా సుమారు 13 డెసిబెల్‌లు తగ్గిస్తుంది. 800 హెర్ట్జ్ దగ్గర దాదాపు ఏమీ తగ్గించదు, ఎందుకంటే అప్పుడు గది పొడవు సరిగ్గా సగం తరంగానికి సమానమై ధ్వని యథాతథంగా దాటిపోతుంది. మిమ్మల్ని బాధిస్తున్న 73 హెర్ట్జ్ దగ్గర తగ్గేది నాలుగు డెసిబెల్‌లు మాత్రమే. మన చెవికి మోత సగానికి తగ్గినట్టు అనిపించాలంటే సుమారు పది డెసిబెల్‌లు తగ్గాలి. అందువల్ల గదుల రకం కొనగానే హోరు మాయమవుతుందని ఆశ పెట్టుకోవద్దు.

నా సలహా ఇది: పనిని రెండు చోట్లకు పంచండి. కారు నడుమ, నేల కింద పైపు పోయే సొరంగంలో సాధారణంగా ఎత్తు తక్కువైనా పొడవుకు చోటు ఉంటుంది. క్యాటలిటిక్ కన్వర్టర్‌కు (పొగలోని హానికర వాయువులను తగ్గించే భాగానికి) వెనక అక్కడ 450 మి.మీ. లేదా అంతకు మించిన పొడవుతో, 100 మి.మీ. వ్యాసంతో ఉన్ని నింపిన సూటి గొట్టం రకాన్ని అమర్చండి. గరగర అక్కడే తీరుతుంది. వెనక ఉన్న 350 మి.మీ. చోటును గదులున్న, కోడిగుడ్డు ఆకారపు చిన్న సైలెన్సర్‌కు కేటాయించండి. ఎత్తు 150 దాటకుండా వెడల్పు ఎంత ఎక్కువ దొరికితే అంత మంచిది, ఎందుకంటే మంద్ర ధ్వనికి కావలసింది ఘనపరిమాణం. ఇప్పుడున్న దాని మొత్తం ఘనపరిమాణం 3.7 లీటర్లే, అంటే ఇంజిన్ పరిమాణానికి రెండు రెట్లకు కాస్త ఎక్కువ. కార్లతో పాటు వచ్చే సైలెన్సర్లు పెద్దవిగా ఉండడానికి కారణం ఇదే.

గదుల రకం కొనేటప్పుడు లోపలి నిర్మాణం అడిగి తెలుసుకోండి. లోపలికి వచ్చే గొట్టం గది పొడవులో సగం వరకూ, బయటికి పోయే గొట్టం పావు వరకూ చొచ్చుకొని ఉంటే, ఇందాక చెప్పినట్టు ధ్వని యథాతథంగా దాటిపోయే పౌనఃపున్యాలు చాలావరకు మూసుకుపోతాయి. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ పనితీరులో తేడా చాలా ఉంటుంది.

లూవర్ గొట్టం ఉన్నవాటిని మీకు సూచించను. గొట్టం గోడను చీల్చి పెదవుల్లా లేపిన ఆ చీలికలు వాయు ప్రవాహానికి అడ్డు తగులుతాయి, వాటి అంచుల దగ్గర సుడులు పుట్టి సొంతంగా ఒక బుసను కలుపుతాయి. గుండ్రటి రంధ్రాల గొట్టమే మేలు.

మరొక సభ్యుడు:

పై సమాధానంతో ఏకీభవిస్తూ, ధ్వనికి ముందు చూడవలసిన విషయాన్ని ఒకదాన్ని చేరుస్తున్నాను. వెనక సైలెన్సర్ పక్కనే ఎల్‌పీజీ ట్యాంకు ఉందన్నారు. ఐక్యరాజ్యసమితి 67వ వాహన నిబంధన ప్రకారం ఎల్‌పీజీ వ్యవస్థలోని ఏ భాగమూ ఎగ్జాస్ట్‌కు 100 మి.మీ. లోపు ఉండకూడదు, ఉంటే మధ్యలో తగినంత వేడి కవచం తప్పనిసరి. కొత్త సైలెన్సర్ వెడల్పు పెంచే ఉత్సాహంలో ఈ దూరం తగ్గిపోకుండా చూసుకోండి. కవచాన్ని సైలెన్సర్‌కు అంటించకుండా రెండింటి మధ్య గాలి ఆడేలా బిగించాలి. తర్వాత ట్యాంకు అమరికను ఎల్‌పీజీ పని తెలిసిన నిపుణుడికి ఒకసారి చూపించండి.

హోరు విషయంలో ఒక చిక్కు ఉంది. నాలుగు సిలిండర్లు వరుసగా ఉన్న ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ దెబ్బలూ, పిస్టన్ల కదలిక వల్ల పుట్టే ద్వితీయ కంపనమూ ఒకే పౌనఃపున్యంలో, అంటే క్రాంక్ వేగానికి రెట్టింపులో ఉంటాయి. కాబట్టి ఫోనులోని ధ్వని విశ్లేషణ ఆప్ 73 హెర్ట్జ్ చూపించినంత మాత్రాన అది పైపు చివరి నుంచి వచ్చిందని చెప్పలేము. గట్టిపడిన ఇంజిన్ మౌంట్ల (ఇంజిన్‌ను కారు శరీరానికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మెల) ద్వారా, లేదా పైపును వేలాడదీసే రబ్బరు పట్టీల ద్వారా కారు శరీరానికి పాకిన కంపనం కూడా అదే అంకె చూపిస్తుంది. బండిని చదునైన చోట నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, న్యూట్రల్‌లో 2200 వద్ద ఉంచి లోపలా బయటా వినండి. బయట పైపు దగ్గర మామూలుగా ఉండి లోపల మాత్రమే నేలా సీటూ అదురుతుంటే ముందు రబ్బర్లు మార్చండి. పైపు ఎక్కడా కారు అడుగు భాగానికి తగలకుండా, కుదుపులకు ఊగడానికి వీలుగా ఖాళీ ఉందో లేదో కూడా చూడండి. తక్కువ ఖర్చుతో తేలిపోయే పరీక్షను వదిలేసి నేరుగా వెల్డింగ్‌కు వెళ్లడం నాకు నచ్చదు.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. చెప్పినట్టే పరీక్షించాను. రబ్బర్లు మెత్తగానే ఉన్నాయి, పైపు ఎక్కడా తగలడం లేదు, హోరు బయట పైపు దగ్గరా స్పష్టంగా వినిపిస్తోంది. వేడి కవచం తప్పకుండా వేయిస్తాను. రెండు సైలెన్సర్ల పద్ధతి తర్వాత కూడా హోరు మిగిలితే జె-పైపు వేయించాలని కొందరు అంటున్నారు. అదెలా పనిచేస్తుంది? ఇంకొక సందేహం: సైలెన్సర్ మరీ ధారాళంగా ఉంటే వెనక ఒత్తిడి పోయి ఇంజిన్ లాగుడు తగ్గుతుందని మెకానిక్ అంటున్నారు. అది నిజమేనా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:

వెనక ఒత్తిడి ఇంజిన్‌కు ఏ దశలోనూ మేలు చేయదండి. అది పిస్టన్ మీద అదనపు భారమే. ఆ మాట ఎందుకు పుట్టిందంటే, పైపును అవసరానికి మించి లావు చేసినప్పుడు తక్కువ వేగాల్లో లాగుడు తగ్గడం చాలామంది చూశారు. అక్కడ తగ్గింది వాయువు వేగం, దానితో పాటు తరంగాలు తిరిగి వచ్చే సమయం మారింది. ఒత్తిడి తగ్గినందువల్ల జరిగిన నష్టం కాదు. మీ ఇంజిన్‌కు 51 మి.మీ. సరిపోతుంది. 63 మి.మీ.కు మార్చమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మంద్ర ధ్వని మీద పట్టు ఇంకా సడలుతుంది, గదికీ గొట్టానికీ ఉన్న వైశాల్య నిష్పత్తి తగ్గి చిన్న సైలెన్సర్ మరింత బలహీనపడుతుంది.

జె-పైపు అంటే ప్రధాన గొట్టానికి పక్కగా అతికించిన, చివర మూసేసిన మరో గొట్టం. దాని పొడవు తరంగం పొడవులో పావు ఉండాలి. లోపలికి వెళ్లిన ధ్వని మూసిన చివరను తాకి తిరిగి వచ్చేసరికి సగం తరంగం ఆలస్యమై, ఎదురుగా వచ్చే ధ్వనికి సరిగ్గా వ్యతిరేకంగా నిలుస్తుంది. వాయువు దానిలో ప్రవహించదు కాబట్టి ఇంజిన్ శక్తికి ఏ లోటూ ఉండదు. అయితే ఆ కారణంగానే లోపలి వాయువు ప్రధాన గొట్టంలో ఉన్నంత వేడిగా ఉండదు. 300 డిగ్రీలు అనుకుంటే 73 హెర్ట్జ్‌కు 1.64 మీటర్లు కావాలి. 150 డిగ్రీలు అనుకుంటే 1.4 మీటర్లు చాలు. ఇంత తేడా ఉన్నందువల్ల ముందు కాస్త పొడవుగా చేయించి, చివర మూతను జరుపుకునేలా బిగించి, బండి నడిపి చూసి, సరైన చోట వెల్డింగ్ చేయించడం మంచి పద్ధతి. దానిని పైపు బయటి చివరకు దగ్గరగా అతికించకండి. తెరిచిన చివర దగ్గర ధ్వని పీడనం అత్యల్పంగా ఉంటుంది కాబట్టి అక్కడ పక్క గొట్టానికి పట్టు దొరకదు. నడుమ సైలెన్సర్‌కూ వెనక సైలెన్సర్‌కూ మధ్య చోటు వెతకండి.

ఒకటిన్నర మీటరు గొట్టానికి చోటు లేకపోతే హెల్మ్‌హోల్ట్జ్ అనునాదకం ఉంది: సన్నని మెడతో ప్రధాన గొట్టానికి కలిపిన, మూసిన డబ్బా. సీసా మూతి మీద ఊదితే ఒకే శ్రుతిలో మోగినట్టే ఇది కూడా ఒక్క పౌనఃపున్యానికే స్పందిస్తుంది. 40 మి.మీ. వ్యాసం, 100 మి.మీ. పొడవు గల మెడ పెడితే మీ 73 హెర్ట్జ్‌కు డబ్బా ఘనపరిమాణం సుమారు 9 లీటర్లు కావాలి. మెడ సన్నగా చేస్తే డబ్బా చిన్నదవుతుంది గానీ పనిచేసే పౌనఃపున్య పరిధి కూడా ఇరుకవుతుంది. 2200 దగ్గర తగ్గి 2300 దగ్గర మళ్లీ వినిపిస్తుంది. నాకైతే చోటు దొరికినంత వరకు జె-పైపే నమ్మకమైనది.

మరొక సభ్యుడు:

లోహం గురించి ఎవరూ చెప్పలేదు. మీ పాతది తుప్పు పట్టి చిల్లులు పడిందన్నారు గదా. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. దగ్గరి ప్రయాణాలే ఎక్కువైతే సైలెన్సర్ పూర్తిగా వేడెక్కక ఆ నీరు గదుల్లోనే నిలిచిపోతుంది. 409 రకం స్టెయిన్‌లెస్ పైపైన తుప్పు రంగు తేలినా చాలాకాలం నిలుస్తుంది, 304 రకం అంతకంటే మెరుగు. గదుల సైలెన్సర్ అడుగున, అన్నిటికంటే పల్లంగా ఉండే చోట, నీరు కారడానికి చిన్న రంధ్రం ఉందో లేదో చూసి కొనండి. ఉన్ని రకంలో రంధ్రాల గొట్టానికి ఆనుకొని స్టీలు ఉన్ని ఒక పొర, దాని మీద బసాల్ట్ ఉన్ని ఉంటే, వాయువు వేగానికి పోగులు ఎగిరిపోకుండా ఎక్కువకాలం మన్నుతుంది. రెండు చివరలూ బోల్టులతో విప్పుకునే రకమైతే ఉన్ని అరిగినప్పుడు మళ్లీ నింపుకోవచ్చు.

చివరి గొట్టం కారు శరీరపు అంచును దాటి బయటికి రావాలి. బంపరు కిందే ఆగిపోతే హోరు డిక్కీ నేలకు తగిలి పెరుగుతుంది. అంతకంటే ముఖ్యంగా కార్బన్ మోనాక్సైడ్ కారు లోపలికి చేరే ప్రమాదం ఉంది.

ప్రశ్న అడిగినవారు:

నడుమ 450 మి.మీ. ఉన్ని రకం, వెనక గదుల రకం అని నిర్ణయించుకున్నాను. బిగించిన రోజే జె-పైపు కూడా చేయించేయవచ్చా? మోత పరిమితిలో ఉందో లేదో ఎలా కొలవాలి?

మొదటి సమాధానం ఇచ్చినవారు:

జె-పైపును అదే రోజు చేయించకండి. కొత్త ఉన్నిలోని జిగురు మొదటి ప్రయాణాల్లో కాలిపోయి కొంత పొగ, వాసన వస్తాయి. ఉన్ని సర్దుకున్నాక ధ్వని కాస్త పెరిగి స్థిరపడుతుంది. వెనక గదుల రకం చేరడంతో హోరు 2200 నుంచి పక్కకు జరగవచ్చు కూడా, అప్పుడు ముందుగా కోసిన పొడవు వ్యర్థమవుతుంది. కొన్ని వారాలు నడిపి, హోరు ఇంకా ఉంటే ఏ వేగం దగ్గరో రాసుకొని, ఆ అంకెతోనే పొడవు లెక్కించండి.

కొలవడానికి ఐఎస్ఓ 5130 పద్ధతి వాడతారు. బండి నిలిపి, మైకును పైపు చివర నుంచి అర మీటరు దూరంలో, వాయువు వెలువడే దిశకు 45 డిగ్రీల కోణంలో, పైపు ఎత్తులోనే ఉంచాలి. నేల నుంచి 20 సెం.మీ.కు తగ్గకూడదు. గరిష్ఠ శక్తి వచ్చే వేగం 5000 దాటి 7500 లోపు ఉన్న ఇంజిన్లకు 3750 చుట్ల దగ్గర నిలకడగా ఉంచి, తర్వాత యాక్సిలరేటర్ వదిలేస్తూ గరిష్ఠ విలువ చూస్తారు. ఫోను ఆప్ అంకెలను అధికారిక పరీక్షకు ప్రమాణంగా తీసుకోలేము. కానీ ఇప్పుడున్న సైలెన్సర్‌తో ఒకసారి, కొత్తవి బిగించాక అదే ఫోనుతో, అదే చోట మరోసారి కొలిస్తే ఎన్ని డెసిబెల్‌లు తగ్గిందో నమ్మకంగా తెలుస్తుంది. అందుకే పాతదాన్ని విప్పించే ముందే మొదటి కొలత తీసి పెట్టుకోండి.