ప్రాయోజకులా, దాతలా, సౌజన్యమా? కరపత్రంలో ఏది వేయాలి?

అడిగినవారు (సత్యనారాయణపురం, విజయవాడ):
మా వీధి గ్రంథాలయం తరఫున పిల్లలకి పద్యాల పోటీ పెడుతున్నామండి. కరపత్రం గవర్నర్‌పేటలో అచ్చుకిచ్చాం. మొదటి బహుమతి సొమ్మిచ్చిన మిఠాయి కొట్టాయన పేరు దగ్గర స్పాన్సర్ అనే అర్థంలో "ప్రాయోజకులు" అని రాసిస్తే, ప్రూఫులో "ప్రయోజకులు" అని వచ్చింది. ఆయనకి చూపిస్తే "అరవయ్యో ఏట ఒప్పుకున్నారన్నమాట! మా నాన్న ఉండుంటే బాగుండేది" అని ఒకటే నవ్వు. దీర్ఘం దిద్దిస్తాను సరే, అసలా మాట సరైనదేనా? హాలిచ్చినవారు, భోజనాలు పెట్టించేవారు, వాళ్లమ్మగారి పేరున ఏటా రెండువేలు ఇచ్చేవారు కూడా ఉన్నారు. అందరినీ ఒకే మాట కింద వేసెయ్యొచ్చా? సోమవారం అచ్చుకి వెళ్లిపోతుంది.

తెలుగు మాస్టారు, రిటైర్డు (బ్రాడీపేట, గుంటూరు):
డీటీపీ అబ్బాయిని మరీ తిట్టకండి. సంస్కృతంలో ప్రయోజకుడంటే చేయించేవాడే. "రాముడు వంటవాడి చేత వండించాడు" అన్నప్పుడు గరిటె తిప్పింది వంటవాడు, రాముడు ప్రయోజక కర్త. డబ్బిచ్చి పని జరిపించేవాడికి ఇంతకన్నా అతికే మాట ఏముంది? కానీ తెలుగులో ఆ మాట చేతికి అందివచ్చిన కొడుక్కి అంటుకుపోయింది, "అప్రయోజకుడు" అని తిట్టూ అయింది. అందుకని దీర్ఘం ఉంటేనే క్షేమం. హిందీలోనూ "ప్రాయోజక్" అనే అంటారు. మనకి మాత్రం రేడియోలో "ప్రాయోజిత కార్యక్రమం" విని విని చెవికెక్కింది.

ప్రచారం కోసం ఇచ్చే వ్యాపారికి ప్రాయోజకులు సరిపోతుంది. తిరిగి ఏమీ ఆశించకుండా ఇచ్చేవారు దాతలు. భోజనాలవారికి "అన్నదాతలు" అనొద్దు, అది రైతుకి స్థిరపడింది. "భోజన దాతలు" చాలు. అమ్మగారి పేరున ఇచ్చేది స్మారక బహుమతి, అక్కడ ముందు రావలసింది ఆవిడ పేరు.

ఫ్లెక్సీలు డిజైన్ చేసేదాన్ని (బెంజ్ సర్కిల్, విజయవాడ):
మాస్టారూ, మా షాపుకి వచ్చేవాళ్లు డబ్బిచ్చినాయన పేరు పక్కన కూడా "ఆధ్వర్యంలో" వేయమంటారండీ. కరెక్టేనా?

తెలుగు మాస్టారు:
కాదమ్మా. అధ్వర్యువు యజ్ఞం దగ్గర నిలబడి తంతు నడిపించే ఋత్విక్కు. ఖర్చు పెట్టుకునేవాడు యజమాని. ఇప్పుడు యజమాని ఇంటి ఓనరైపోయాడు, ఆ సీటు ఖాళీ! ఇక్కడ ఆధ్వర్యం గ్రంథాలయానిదే. హాలు ఊరికే ఇచ్చారు కనుక అక్కడ "సౌజన్యం" బాగుంటుంది. సుజనుడి గుణం సౌజన్యం. కిరాయి తీసుకుంటే మాత్రం ఆ మాట అక్కర్లేదు.

మా దగ్గర కొండవీడులో రెడ్డిరాజుల కొలువులో ఉన్న శ్రీనాథుడు నైషధాన్ని మామిడి సింగన మంత్రికి అంకితమిచ్చాడు. అలా కావ్యం పుచ్చుకున్నవాణ్ణి కృతిభర్త అనేవారు. కరపత్రానికి పనికిరాదు లెండి, మాటలో మాటగా చెప్పాను.

మరొకరు (పటమట, విజయవాడ):
"మద్దతుదారులు" అని వేస్తే పోదూ?

ఫ్లెక్సీల డిజైనర్:
వద్దండీ బాబూ, ఎలక్షన్ నామినేషన్‌లా ఉంటుంది. మద్దతు మాటతో ఇచ్చేదీ కావచ్చు. డబ్బిచ్చిన సంగతి తెలియాలంటే "ఆర్థిక సహకారం" అని వేస్తాం మేం.

మరొకరు (పటమట):
మా అబ్బాయి వీసాకి వాళ్ల బాబాయి స్పాన్సర్‌షిప్ లెటర్ ఇచ్చాడు. ఆయన్నీ ప్రాయోజకుడనాలా మరి?

తెలుగు మాస్టారు:
అక్కడ మీ తమ్ముడుగారు ఇచ్చింది పూచీ. లాటిన్‌లో స్పాన్సర్ అంటే మొదట హామీ ఉన్నవాడే. బాప్తిస్మం దగ్గర బిడ్డకి పూచీగా నిలబడే జ్ఞాన తల్లిదండ్రుల్నీ ఇంగ్లీషులో స్పాన్సర్లనే అంటారు. కనుక హామీదారు అనండి, లేదా స్పాన్సర్ అనే ఉంచేయండి, తప్పేం లేదు. మా నాన్నగారు గుంటూరులో వారాలు చేసుకుని చదువుకున్నారు, రోజుకో ఇంట భోజనం. ఆ ఏడిళ్లవాళ్లకీ ఏ బిరుదూ లేదు. "మంగళవారం వాళ్లు" అనేవారు, అంతే.

అడిగినవారు:
అందరికీ నమస్కారాలు. ఇప్పుడే వెళ్లి దిద్దించి వచ్చాను: నిర్వహణ గ్రంథాలయం, మొదటి బహుమతి ప్రాయోజకులు మిఠాయి కొట్టాయన, వేదిక సౌజన్యం, భోజన దాతలు, అమ్మగారి పేరుతో స్మారక బహుమతి. ఆయన మాత్రం తప్పుల ప్రూఫు పారేయొద్దన్నారు. ఇంటికి పట్టుకెళ్లి వాళ్లావిడకి చూపించాలట.