వెరిటో డీజిల్ టైమింగ్ బెల్టు: ఇంట్లో మార్చుకోవచ్చా, షెడ్డుకే ఇవ్వాలా?

నాగావళి ఒడ్డు, రాయగడ

అందరికీ నమస్కారం. నాది 2012 మహీంద్రా వెరిటో, డీజిల్. రెండేళ్ల క్రితం పార్వతీపురంలో ఒకాయన దగ్గర కొన్నాను. ఏపీ 35 బండి. ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి ఒడిశా నంబరు ఓడీ 18 చేయించేసరికి నా చెప్పులు అరిగాయి, ఆ కథ ఇంకోసారి. మీటరు ఇప్పుడు 1,18,000 చూపిస్తోంది. టైమింగ్ బెల్టు (పిస్టన్లూ వాల్వులూ లయ తప్పకుండా చూసే రబ్బరు పట్టీ, తెగితే ఇంజిన్ పాడే) మార్చారా అని కొన్నరోజే అడిగాను. "అన్నీ చేయించాం మాస్టారూ" అన్నాడు. ఎప్పుడు, ఎక్కడ, బిల్లేదీ అంటే నవ్వాడు.

మొన్న పై కవరు తీసి టార్చి వేసి చూశాను. పగుళ్లేమీ కనిపించలేదు గానీ బెల్టు వీపు అద్దంలా మెరుస్తోంది, దాని మీద అచ్చు అక్షరం ఒక్కటీ మిగల్లేదు. ఇక అప్పట్నుంచి సెల్ఫ్ కొట్టినప్పుడల్లా టెన్షన్. పాప కొరాపుట్‌లో చదువుతోంది, నెలకోసారి లక్ష్మీపూర్ మీదుగా ఆ కొండదారిలో వెళ్లాలి. మజ్జిగౌరమ్మ గుడి ముందు ఎన్ని నిమ్మకాయలు తొక్కించినా బెల్టుకి ఆయుష్షు పెరగదు కదా.

ఇక్కడి మిస్త్రీ మజూరీ 3,000 అన్నాడు, సామాను నేనే తెచ్చుకోవాలి. చెయ్యి మంచిదే, మా బండికి క్లచ్చు ప్లేటు ఆయనే వేశాడు. బెల్టు మార్చేటప్పుడు ఇంజిన్‌ని సరైన స్థానంలో నిలిపే లాకింగ్ పిన్నులు ఉన్నాయా అని అడిగితే మాత్రం జేబులోంచి వైట్‌నర్ సీసా తీసి చూపించాడు. పాత బెల్టు మీద, పళ్ల చక్రాల మీద చుక్కలు పెట్టి, పళ్లు లెక్కపెట్టి అవే చుక్కలు కొత్త బెల్టు మీదికి దించుతాడట. విశాఖలో ఒక పెద్ద షెడ్డువాళ్లు పిన్నులతోనే చేస్తాం, అన్నీ కలిపి 14,000 అన్నారు. కానీ దాదాపు 200 కిలోమీటర్లు ఈ బెల్టుతోనే వెళ్లాలి.

మూడోది, నేనే చేసుకోవడం. హైస్కూల్లో లెక్కలు చెప్తాను. బ్రేకు ప్యాడ్లు, గ్లో ప్లగ్గులు, ఆల్టర్నేటర్ బెల్టు ఇంట్లోనే మార్చుకున్న అనుభవం ఉంది. జాకీ ఒకటి, స్టాండులు రెండు, వేపచెట్టు కింద కాస్త చదును నేల ఉన్నాయి. ఈ ఇంజిన్‌కి ఇంట్లో చేసినవాళ్లెవరైనా ఉన్నారా?

కొత్తవలస కుర్రాడు

అన్నా, నా స్విఫ్ట్ డీజిల్ 1,60,000 తిరిగింది, ఇంతవరకు టైమింగ్ బెల్టు ముట్టుకోలేదు. ఊరికే భయపెడతారు.

సాలూరు పానా

తమ్ముడూ, నీ స్విఫ్ట్‌లో ఉన్నది చైను. లేని బెల్టుని ఎలా ముట్టుకుంటావు?

జయపురం జీపు

మాస్టారూ, మిగతా సంగతి ఎలా ఉన్నా బెల్టు ఒక్కటే మాత్రం మార్చకండి. నేను ఆ తప్పే చేశాను. అప్పట్లో నాది ఫిగో 1.4 డీజిల్. ఒక షెడ్డులో బెల్టు మార్చి, "బెల్టుని బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగ్ బాగానే ఉంది సార్, 2,000 ఎందుకు దండగ" అన్నారు. డబ్బు మిగిలింది కదా అని నేనూ సంతోషించాను.

ఏడాది తిరక్కముందే, విశాఖ నుంచి వస్తూ సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతున్నాను. మూడో గేరు, వెనకాల సిమెంటు లారీ. పెద్ద చప్పుడేమీ రాలేదు. ఎవరో స్విచ్ ఆపినట్టు ఇంజిన్ ఆగిపోయింది. స్టీరింగ్ బండరాయైంది. బ్రేకు రెండుసార్లు తొక్కేసరికి పెడలు గట్టిపడిపోయింది. ఎలాగో హ్యాండ్ బ్రేకు లాగి రాయి పెట్టాం. సెల్ఫ్ కొడితే, మామూలుగా ఉండే బరువు లేకుండా గిర్రున తిరిగింది. ఆ శబ్దం ఒకసారి వింటే మర్చిపోరు. కంప్రెషన్ లేదన్నమాట.

బెల్టు కొత్తదే. పట్టేసింది పాత బేరింగ్, బెల్టుని అదే తినేసింది. వాల్వులు వంగి, రాకర్లు విరిగి, హెడ్డు దించాల్సి వచ్చింది. తాడు కట్టి సాలూరు లాగించిన ఖర్చుతో కలిపి 42,000. మిగుల్చుకున్నది 2,000.

పర్లాకిమిడి పాతబండి

నేను ఇంట్లో చేశాను. లోగాన్ డీజిల్, మీ వెరిటోకి ఉన్న 1.5 ఇంజినే. శనివారం పొద్దున్న మొదలుపెడితే ఆదివారం రాత్రికి తెమిలింది, అందులో సగం రోజు వాన మింగేసింది.

కుడివైపు చక్రం విప్పి, లోపలి ప్లాస్టిక్ తియ్యాలి. ఆయిల్ సంపు కింద చెక్క పలక వేసి, దాని మీద జాకీ ఆనించి ఇంజిన్ బరువు నిలబెట్టాక గానీ కుడి మౌంటింగ్ విప్పకూడదు. పలక లేకుండా జాకీ పెడితే సంపు సొట్టపోతుంది. చెయ్యి దూరే సందు చాలా తక్కువ, నాకు రెండు మణికట్లూ గీరుకుపోయాయి.

ఒక వెధవ పని చేశాను, చెప్పడానికి సిగ్గేసినా చెప్తున్నాను. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పుల్లీ బోల్టు ఊడకపోతే, ఇంజిన్ తిరక్కుండా పిన్నే ఆపుతుందిలే అని దాని భరోసాతో పానా మీద పైపు వేసి లాగాను. పిన్ను వంగింది. పిన్ను ఉన్నది ఇంజిన్ తిరిగి ఏ స్థానంలో ఉందో చూపించడానికే, బలానికి కాదు. మా తమ్ముణ్ణి లోపల కూర్చోబెట్టి, అయిదో గేరు వేసి బ్రేకు తొక్కిస్తే బోల్టు వచ్చింది. ముందే ఆ బుర్ర ఉండాల్సింది. కొత్త పిన్ను వచ్చేదాకా బండి నాలుగు రోజులు రాళ్ల మీదే.

మళ్లీ ఇంట్లో చేస్తావా అంటే, బిగుతు కొలిచి చూపించే టార్క్ పానా అరువు దొరికితే చేస్తాను. దొరక్కపోతే చెయ్యను. ఆ బోల్టు చేతి అంచనాతో బిగించేది కాదు.

సాలూరు పానా

మాస్టారూ, ముప్పయ్యేళ్లుగా నా బతుకు లారీల కింద. కార్లు పదేళ్ల నుంచి. మీ మిస్త్రీ వైట్‌నర్‌ని చులకన చెయ్యకండి. మేమంతా అలా నేర్చుకున్నవాళ్లమే. పాత టైమింగ్ సరిగ్గా ఉంటే చుక్కల పద్ధతిలో కొత్తదీ సరిగ్గానే కూర్చుంటుంది. చిక్కల్లా, ముందు కట్టినవాడు ఒక పన్ను తప్పి ఉంటే, చుక్కలు ఆ తప్పునే నకలు తీస్తాయి. మీ బండి చరిత్ర మీకే తెలియదు. అందుకని మీకు పిన్నులు కావాలి.

క్రాంక్ రెండు చుట్లు తిరిగితే కామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క కాపాడేది ఈ రబ్బరు పట్టీయే. డీజిల్‌లో పిస్టన్ పైకొచ్చినప్పుడు వాల్వుకీ దానికీ మధ్య ఖాళీ బాగా తక్కువ. మీ ఇంజిన్‌లో బెల్టు తెగితే వాల్వు తప్పించుకునే చోటు లేదు. పగుళ్లు లేవని ధీమా వద్దు. రబ్బరుకి కిలోమీటర్లే కాదు, ఏళ్లు కూడా లెక్కే.

నా మాట ఏమిటంటే, పిన్నులూ సామానూ మీరు కొనండి, పని మిస్త్రీ చేత చేయించండి, పక్కన పీట వేసుకుని కూర్చోండి. బెల్టు, టెన్షనర్ కలిసి వచ్చే కిట్టు కొనండి. మీ ఇంజిన్‌లో వాటర్ పంపుని తిప్పేది కూడా ఈ బెల్టే. పంపు పాతదే ఉంచితే, రేపు అది కారినప్పుడు ఈ విప్పుడంతా మళ్లీ మొదటికి. పుల్లీ బోల్టు కొత్తది వేయండి. డబ్బాలు బిల్లుతో సహా తీసుకోండి, ఇందులో నకిలీ సరుకు బాగా తిరుగుతోంది.

అంతా బిగించాక పిన్నులు తీసేసి, పానాతో ఇంజిన్ తిరిగే దిక్కులోనే రెండు పూర్తి చుట్లు తిప్పించండి. ఎక్కడైనా అడ్డు తగిలితే బలవంతం చెయ్యొద్దు. మళ్లీ పిన్నులు పెడితే రెండూ చక్కగా దూరాలి. దూరాకే సెల్ఫ్. మిస్త్రీ "సరిపోయింది మాస్టారూ" అన్నా వినకండి, దూరిందో లేదో మీ కళ్లతో చూడండి.

నాగావళి ఒడ్డు, రాయగడ

అందరికీ ధన్యవాదాలు. మూడు వారాలు పట్టింది, అందుకే ఆలస్యం. కిట్టు, పంపు, బోల్టు విశాఖ నుంచి బస్సు పార్సిల్‌లో తెప్పించాను, 8,700 అయింది. పిన్నుల సెట్టు ఇంకో 900. బండిని ఆ మూడు వారాలు కదపలేదు, పాప దగ్గరికి బస్సులో వెళ్లొచ్చాను.

పిన్నులు చూసి మిస్త్రీకి మొదట చిన్నతనమైంది. "నా మీద నమ్మకం లేదా మాస్టారూ" అన్నాడు. మీ మీద కాదు, పాత ఓనరు మీద లేదు అన్నాను. దానికి కాస్త మెత్తబడ్డాడు. పాత బెల్టు ఇంకా ఇంజిన్‌కే ఉండగా క్రాంక్ పిన్ను బిగించి, ఇంజిన్ దానికి ఆనేదాకా మెల్లగా తిప్పాడు. ఇక కామ్ చక్రం కన్నంలో 8 మిల్లీమీటర్ల పిన్ను దూరాలి కదా, దూరలేదు. కన్నం పక్కకి ఉంది. మిస్త్రీ రెండుసార్లు వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు. నా చేతికిచ్చి నన్నూ చూడమన్నాడు. సరిగ్గా ఒక పన్ను తేడా. పార్వతీపురం ఆయన అబద్ధం చెప్పలేదు, బెల్టు మార్పించాడు నిజంగానే. మార్చినవాడే తప్పాడు. రెండేళ్లుగా కొండ మీద రెండో గేరుకి దిగాల్సి వస్తుంటే టర్బో పాతబడిందనుకుంటున్నాను నేను.

పాత పంపు ఇరుసు దగ్గర కూలెంట్ కారి ఎండిన గులాబీ చార కూడా కనిపించింది. మధ్యాహ్నం భోజనాలు మానేసి సాయంత్రం ఆరింటికి ముగించాం. రెండు చుట్లు తిప్పాక పిన్నులు రెండూ దూరాయి, నేనే చూశాను. మొన్న లక్ష్మీపూర్ ఎత్తు మూడో గేరులోనే ఎక్కింది. పిన్నులు ఇప్పుడు మిస్త్రీ దగ్గరే, వైట్‌నర్ సీసా ఉన్న జేబులోనే.

ఒక్క సందేహం. పని అయ్యాక మొదటి రెండు రోజులు కూలెంట్ అరలీటరు దాకా తగ్గింది. కింద చుక్క పడలేదు. పోస్తే మళ్లీ తగ్గలేదు. భయపడాలా?

సాలూరు పానా

లోపల గాలి చిక్కుకుని ఉంటుంది, బయటికి వచ్చేసింది. వారం రోజులు పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం గీత చూడండి. గీత దిగకపోతే మర్చిపోండి. దిగితే పంపు గాస్కెట్టు దగ్గర చూడమని మిస్త్రీకి చెప్పండి.