ఏడాది పొడవునా చాటునిచ్చే కంచెకు కోనోకార్పస్ తగినదేనా?

పచ్చనాకు: మా పెరటి ప్రహరీ నడుము ఎత్తే ఉంది. దానికి 3 మీటర్ల అవతల ఉన్న పక్కింటి మేడగది కిటికీ, ప్రహరీకి 6 మీటర్ల ఇవతల మేము సాయంత్రాలు కూర్చునే అరుగు వైపే తెరుచుకుంటుంది. ఏ కాలంలోనూ ఆకు రాల్చకుండా, త్వరగా 4 మీటర్లు పెరిగే మొక్కను ప్రహరీని ఆనుకుని వరుసగా నాటాలనుకుంటున్నాను. అందరూ కోనోకార్పస్ వేయమంటున్నారు. పెంచినవారు తమ అనుభవం చెప్పగలరు.

మట్టిమనిషి: దయచేసి దాని జోలికి వెళ్లకండి. అది ఎండనూ ఉప్పునేలనూ తట్టుకుని ఎప్పుడూ పచ్చగా ఉంటుందన్న మాట నిజమే, కానీ ఆ బలమంతా తడిని వెతుక్కుంటూ పోయే వేళ్లది. మా పక్కవారు వేసిన వరుస వేళ్లు మా మురుగు గొట్టంలోకి దూరాయి. అతుకు దగ్గర తవ్వించి చూస్తే, సన్నటి పీచువేళ్లు జడలా పేనుకుపోయి గొట్టాన్ని పూర్తిగా పూడ్చేశాయి. ఖర్చంతా మేమే భరించాం. వారు వచ్చి చూడను కూడా లేదు.

నీడపట్టు: గోరింట వేయండి. ఎంత కత్తిరిస్తే అంత గుబురుగా వస్తుంది.

పచ్చనాకు: నీరు తగ్గితే గోరింట ఆకు రాలుస్తుంది కాబట్టి అది నాకు పనికిరాదు. మట్టిమనిషి గారూ, వేళ్లు సాధారణంగా చెమ్మ కారే అతుకుల్లోంచే లోపలికి వెళతాయి. మీ గొట్టం ముందే వదులై ఉంటుంది.

మట్టిమనిషి: అతుకు వదులైందే అనుకుందాం. దాన్ని వెతుక్కుంటూ అంత దూరం వచ్చిన వేరు ఎవరిది? తప్పు గొట్టానిదని తేల్చేస్తే మొక్క నాటినవారికి ఏ బాధ్యతా ఉండదా?

కత్తెర: ఏ మొక్క వేయాలన్న దానికంటే ఎలా పెంచాలన్నదే ముఖ్యమని నా అభిప్రాయం. చాలామంది మొక్క కోరిన ఎత్తుకు చేరేదాకా కత్తెర ముట్టుకోరు. అప్పటికి కింది కొమ్మలకు వెలుతురు అందక ఆకు పోయి, కంటికి ఎదురుగా బోసి మోళ్లు మిగులుతాయి. నాటి కుదురుకున్న వెంటనే తలలు తుంచితే పక్క చిగుళ్లు లేస్తాయి. ఆ తర్వాత కూడా అడుగు వెడల్పుగానూ పైభాగం ఇరుకుగానూ ఉండేలా కత్తిరిస్తూ పోతేనే నేల దాకా ఆకు నిలుస్తుంది. ఓపిక ఉంటే కోనోకార్పస్‌కు బదులు మురయా అనే పూలపొద వేయండి. అది నెమ్మదిగా పెరిగినా ఆకు దట్టంగా ఉంటుంది, తెల్లటి పూలు చక్కని వాసన వేస్తాయి.

నిమ్మచెట్టు: చుట్టుపక్కల నిమ్మ, నారింజ చెట్లుంటే మురయా వేయకండి. వాటికి గ్రీనింగ్ తెగులును మోసుకొచ్చే సిల్లిడ్ పురుగు మురయా లేత చిగుళ్ల మీద కూడా గుడ్లు పెడుతుంది.

పచ్చనాకు: నేను అడిగింది ఆకు రాల్చని మొక్క గురించి. ఆ ఒక్క ప్రశ్నకు ఎవరూ సూటిగా సమాధానం ఇవ్వడం లేదు.

కత్తెర: ఆకు రాల్చని మొక్కంటూ లేదు. నిత్యం పచ్చగా ఉండేవి కూడా పాత ఆకులను కొద్దికొద్దిగా రాలుస్తూ కొత్తవి వేస్తాయి. ఇక మీరు చెప్పిన కొలతలు చూద్దాం. కిటికీలో నిలబడినవారి కన్ను నేల నుంచి 5 మీటర్ల ఎత్తున, అరుగు మీద కూర్చున్నవారి కన్ను 1.2 మీటర్ల ఎత్తున ఉన్నాయనుకుంటే, ఆ చూపును ప్రహరీ దగ్గర అడ్డుకోవడానికి దాదాపు 3.7 మీటర్ల కంచె కావాలి. అదే మొక్కలను అరుగుకు మీటరున్నర దూరంలో నాటితే దాదాపు 1.8 మీటర్లు సరిపోతుంది. ఆ ఎత్తుకు నందివర్ధనం చాలు, నిచ్చెన కూడా అక్కర్లేదు.

పచ్చనాకు: అంటే నేను నా పెరట్లోనే ముడుచుకుని ఒక మూల కూర్చోవాలన్నమాట! నేను వారికి కనబడకపోవడం ఒక్కటే కాదు, ఆ గోడ, ఆ కిటికీ నాకు కనబడకూడదు. మేడ కట్టేటప్పుడే ఆ కిటికీని మరో వైపు పెట్టుకోమని మర్యాదగా అడిగాను, వినలేదు. ఇప్పుడు నా స్థలంలో నేను ఏం వేసుకోవాలో కూడా వారి సౌకర్యాన్ని చూసి నిర్ణయించుకోవాలా?

మట్టిమనిషి: ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత వాదన జరిగేది కాదు. మీకు కావలసింది చాటు కాదు, ఆ ఇంటికి అడ్డుగోడ. మీ కోపం న్యాయమైనదే కావచ్చు, అయినా ఒక్కటి అడుగుతాను. ప్రహరీని ఆనుకుని 4 మీటర్లు పెరిగిన వరుసను అవతలి వైపు ఎవరు కత్తిరిస్తారు? మాటలు లేని ఇంట్లోకి నిచ్చెన పట్టుకుని ఏటా ఎలా వెళతారు? మా పక్కవారూ ఇలాగే నాటి, తమ వైపు మాత్రమే కత్తిరించి వదిలేశారు. మా బట్టలారేసే చోటికి అప్పటి నుంచీ ఎండ రాదు.

నీడపట్టు: గుంపుగా పెరిగే వెదురు కూడా ఆలోచించండి. పాకే రకం మాత్రం వద్దు.

కత్తెర: ప్రహరీకీ వరుసకూ మధ్య మనిషి కత్తెరతో నడిచేంత దారి వదిలితే రెండు వైపులా మీ స్థలంలోంచే కత్తిరించుకోవచ్చు.

పచ్చనాకు: దారి వదులుతాను. మురుగు గొట్టం ఎటు వెళుతుందో కనుక్కునేదాకా కోనోకార్పస్ కూడా నాటను. ఎత్తు మాత్రం తగ్గించను.

మట్టిమనిషి: ఎత్తు విషయంలో నేనూ ఒప్పుకోను. నాటే ముందు ఒక్కసారి ఆ కిటికీ అవతల నిలబడి, ఆ గదికి వెలుతురు ఎటు నుంచి వస్తోందో చూడండి.

పచ్చనాకు: వారు పిలిస్తే చూస్తాను.