కోయాలా, దొరికినట్టే ఉంచాలా? గోదారి అకీకు రాయి మీద చర్చ

గోదారి_గులకరాయి (నిజామాబాద్)

పోయిన ఎండాకాలం గోదారి ఒడ్డున తిరుగుతూ ఒక రాయి తెచ్చుకున్నాను. పిడికిలంత ఉంటుంది, తూకం వేస్తే 640 గ్రాములు. పైకి చూస్తే ఏమీ లేదు, బంగాళాదుంప తొక్కలా మట్టిరంగు, అక్కడక్కడా సన్నటి గుంటలు. కానీ ఒక మూల గోరంత పెచ్చు ఊడి ఉంది. అక్కడ తడిపి చూస్తే తేనెరంగు గీతలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వెళ్తున్నాయి. లైటుకి అడ్డంగా పట్టుకుంటే ఆ అంచు వెలుగుతుంది. అకీకు రాయే అని నా నమ్మకం, ఇంగ్లీషులో అగేట్, చార్మినార్ దగ్గర ఉంగరాల వాళ్లు హకీక్ అంటారే, అది.

మా ఆఫీసులో ఒకాయన దగ్గర రాళ్లు కోసే చిన్న రంపం ఉంది, వజ్రపు పొడి అంచు ఉన్న బిళ్లది. తెచ్చెయ్యండి, పావుగంట పని అంటున్నాడు. ఎనిమిది నెలలైంది, తీసుకెళ్లలేకపోతున్నాను. కోస్తే లోపలేముందో తెలుస్తుంది, కానీ కోసిన రాయి మళ్లీ అతకదు. మీరైతే ఏం చేస్తారు?

సానపట్టేవాడు (హైదరాబాద్)

కోసేయండి. ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు. మీ దగ్గరున్నది ఇంకా రాయి కాదు, రాయి మీదున్న తొక్క. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌లో లావా పొంగి గడ్డకట్టినప్పుడు అందులో గాలిబుడగలు ఇరుక్కుపోయాయి, ఆ ఖాళీల్లోకి సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, కలిసిన నీళ్లు ఊరి పొర తర్వాత పొరగా పేరుకున్నాయి, బయటి నుంచి లోపలికి. తర్వాత చుట్టూ ఉన్న నల్లరాయి అరిగి మట్టయిపోయింది, దానికంటే గట్టిది కాబట్టి ఇది మిగిలింది, గోదారి దొర్లించుకొచ్చింది. ఆ పొరలే దాని అందమంతా. అవి కనపడకుండా బల్ల మీద పెట్టుకుని ఏం చూస్తారు?

నేను పదకొండేళ్లుగా సాన పడుతున్నాను. మొదటి కోత పూర్తయ్యి రెండు ముక్కలూ విడిపోయే క్షణం కోసమే ఈ పనంతా. ఆ బురద నీళ్లు బొటనవేలితో తుడవగానే లోపలి గీతలు ఒక్కసారిగా పైకొస్తాయి. కోట్ల ఏళ్లలో దాన్ని చూసిన మొదటి మనిషి మీరే అవుతారు.

పటం_సుత్తి (కడప)

నేను భూగర్భ శాస్త్రంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. సానపట్టేవాడు గారు చెప్పిన పుట్టుక సరైనదే, తొందర మాత్రం సరికాదు. గులకరాయి గారూ, ఒక్క ప్రశ్న. అది సరిగ్గా ఎక్కడ దొరికింది? గోదారి ఒడ్డు అంటే చాలదు. కందకుర్తి దగ్గర మంజీర వచ్చి కలుస్తుంది. సంగమానికి పైన గోదారి పాయలో దొరికితే అది గోదారే తెచ్చిందని చెప్పొచ్చు, కింద దొరికితే మంజీర తెచ్చిందో గోదారి తెచ్చిందో చెప్పలేం.

రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో ఆదిమానవుడి రాతి పనిముట్టు ఏరాడు. ఆ తర్వాత మన కర్నూలు వైపు బిళ్లసర్గం గుహల దాకా తిరిగాడు. ఆయన సేకరణ చెన్నై మ్యూజియంలో ఇప్పటికీ విలువైనదిగా ఉందంటే ప్రతి రాయికీ దొరికిన చోటు రాసిపెట్టాడు కాబట్టి. ఊరు పేరు లేకపోతే అవి కూడా రాళ్లే.

ఇంకోటి. ఆ ఊడిన పెచ్చు సంగతి. పాతకాలం మనుషులు చెకుముకి రాయితోనూ అకీకుతోనూ చిన్న చిన్న పదునైన పనిముట్లు చెక్కేవాళ్లు. అంచు వెంట వరసగా చిన్న పెచ్చులు ఊడి ఉంటే దాన్ని ముట్టుకోకండి, రంపం ఊసే ఎత్తకండి, దగ్గర్లోని పురావస్తు శాఖకి చూపించండి. ఒక్కటే పెచ్చు ఉండి దాని అంచులు అరిగిపోయి ఉంటే నదిలో దెబ్బ తగిలిందని అర్థం.

అచ్చనగాయ (రాజమండ్రి)

మీ ఇద్దరి మాటా నాకు నచ్చలేదు. ఒకాయనకి లోపలి గీతలు కావాలి, ఒకాయనకి దొరికిన చోటు రాసిన చీటీ కావాలి. రాయి ఎవరికీ అక్కర్లేదా?

మా అమ్మమ్మ అచ్చనగాయలాడిన ఐదు రాళ్లు నా దగ్గరున్నాయి. గోదారి రేవులో ఏరుకున్నవే. ఒకటి ఎర్రది, రెండు బూడిదరంగువి, ఒకటి తెల్ల పలుగురాయి, ఒకటి ఇంచుమించు నలుపు. డెబ్భై ఏళ్లు చేతుల్లో ఎగిరి ఎగిరి, పట్టుకుంటే వెన్నలా ఉంటాయి. వాటికి సాన పెట్టింది నది, మిగతాది ఆవిడ అరచెయ్యి. అందులో ఎర్రది అకీకు రాయే అయ్యుంటుంది, మీరు చెప్పేది చదివాక అనుమానం వచ్చింది. అయినా కోయను. నది అంతకాలం కూర్చుని గుండ్రంగా చేసిన దాన్ని పావుగంటలో రెండు చెక్కలు చెయ్యడానికి మనకి ఏం హక్కుంది అనిపిస్తుంది.

పోర్ట్‌లాండ్_శీను

అక్కా, మీ రాళ్లని నేనూ కోయను. కానీ అన్ని రాళ్లూ ఒకటి కావు. నేనుండేది అమెరికాలో, ఒరెగాన్ రాష్ట్రంలో. ఇక్కడ థండర్ ఎగ్ అని ఒక రాయి దొరుకుతుంది, 1965 నుంచి రాష్ట్ర శిల అదే. పైన చూస్తే ఎండిన పేడముద్దలా ఉంటుంది, కోస్తే లోపల నక్షత్రం ఆకారంలో అకీకు. కోయకపోతే అది థండర్ ఎగ్ అని కూడా ఎవరికీ తెలీదు. ఇక్కడ వారాంతాల్లో పిల్లలతో సహా వెళ్లి తవ్వుకుంటారు. రూల్సు కూడా ఉన్నాయి. ఉదాహరణకి రాయిగా మారిన చెక్కని కేంద్ర ప్రభుత్వ భూముల్లో సొంతానికి రోజుకి 25 పౌండ్లు, ఏడాదికి 250 పౌండ్ల దాకా తెచ్చుకోవచ్చు, అమ్మకూడదు. అదే ఆరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్కులో అయితే చిన్న పలుకు కూడా తీయకూడదు. తీసుకెళ్లినవాళ్లు క్షమించమని ఉత్తరం రాసి తిరిగి పంపిస్తుంటారు. ఆ రాళ్లని ఎక్కడ తీశారో తెలీదు కాబట్టి పార్కు వాళ్లు తిరిగి యథాస్థానంలో పెట్టలేరు. సర్ చెప్పిన చీటీ సంగతి నాకు అక్కడే అర్థమైంది.

పలక_బలపం (మార్కాపురం)

అందరూ కోయాలా వద్దా అంటున్నారు, ఎలా కోయాలో ఎవరూ అనడం లేదు. మా నాన్న పలకల పని చేశాడు, రాయి కోసే చోట. ఇరవై రెండేళ్లు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా తెల్లగా పొడి ఉండేది, మా అమ్మ తువ్వాలు తడిపి ముందు కళ్లు తుడిచేది. ఇప్పుడు ఆయన మెట్లెక్కలేడు. నాలుగు మెట్లకొకసారి గోడ పట్టుకుని నిలబడతాడు. గుజరాత్‌లో ఖంభాత్ అని అకీకు సాన పట్టే ఊరుంది, తరతరాల పని, అక్కడి పనివాళ్లకీ ఇదే జబ్బు, సిలికోసిస్. అకీకు అంటే మొత్తం సిలికానే. ఊపిరితిత్తుల్లోకి పోయిన పొడి బయటికి రాదు, మందు లేదు.

అందుకని అన్నా, కోసేదైతే బిళ్ల మీద నీళ్లు పడుతూనే ఉండాలి, పొడి గాల్లోకి లేవకూడదు. ఆ బురద ఎండకముందే తుడిచెయ్యాలి, ఎండాక ఊడిస్తే మళ్లీ అదే పొడి. మామూలు గుడ్డ మాస్కు పనికిరాదు. మీ ఆఫీసాయన పొడిగా కోసే రకమైతే ఆ రాయి ఇంట్లోనే ఉంచండి.

సానపట్టేవాడు (హైదరాబాద్)

పలక_బలపం చెప్పింది అక్షరాలా నిజం. నేను మొదట అదే చెప్పాల్సింది. మొదటి రెండేళ్లు నేనూ జాగ్రత్త లేకుండానే చేశాను, ఇప్పుడు నీళ్లు లేకుండా యంత్రం ఆన్ చెయ్యను. నాన్నగారిని జాగ్రత్తగా చూసుకోండి తమ్ముడూ.

గోదారి_గులకరాయి (నిజామాబాద్)

పటం_సుత్తి సర్, మీ ప్రశ్నకి జవాబు రాయడానికి రెండు రోజులు పట్టింది. ఆ వేసవిలో మూడు చోట్లకి వెళ్లాను. కందకుర్తి, బాసర, పోచంపాడు డ్యామ్ కింద. మూడు చోట్లవీ ఒకే గోనెసంచిలో వేశాను. ఇంటికొచ్చి బకెట్లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, ఎండబెట్టాను. ఫోనులో ఫొటోలన్నీ వెతికాను, ఈ రాయి లేదు. ఏ ఒడ్డుదో నాకు తెలీదు. మట్టి కూడా మిగల్చలేదు. రాత్రి నిద్ర పట్టలేదు సర్.

పెచ్చు మాత్రం ఒక్కటే, అంచులు నున్నగా అరిగి ఉన్నాయి.

పటం_సుత్తి (కడప)

బాధపడకండి, ప్రతి సేకరణా ఇలాగే మొదలవుతుంది. నా మొదటి పెట్టెలో కూడా ఊరు పేరు లేని బెరైటు ఖనిజం ముక్కలున్నాయి, మంగంపేట గనివా కావా అని ఈ రోజుకీ చెప్పలేను.

నా మాట మార్చుకుంటున్నాను. ఇది పనిముట్టు కాదు, దొరికిన చోటూ పోయింది. ఇక నేను కాపాడమనేది ఏమీ లేదు. కోసుకోండి.

సానపట్టేవాడు (హైదరాబాద్)

ఇప్పుడు నేను ఆగమంటాను! కోత ఏ దిక్కున పడాలో తేలకుండా కోయొద్దు. గీతలకి అడ్డంగా పడితే పొరలు వలయాల్లా కనిపిస్తాయి, వాటి వెంట పడితే మచ్చలా, ఏమీ లేనట్టుంటుంది. చీకటి గదిలో టార్చి ఆ పెచ్చు దగ్గర ఆనించి, రాయిని మెల్లగా తిప్పుతూ చూడండి. గీతలు ఎటు పోతున్నాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఒక్కటే కోత. ఉంగరం రాళ్లు చెయ్యాలని ఆశపడకండి, అలా చేస్తే సగానికి పైగా బురదలో పోతుంది. బజారులో నీలం, గులాబి అకీకులు చూసి రంగు రాలేదని దిగులు కూడా వద్దు, వాటిలో చాలావాటికి రంగు వేస్తారు.

గోదారి_గులకరాయి (నిజామాబాద్)

ఆదివారం కోశాం. ఆయన యంత్రానికి నీళ్ల తొట్టి ఉంది, మంచి మాస్కులు కొన్నాం. పావుగంట కాదు, నలభై నిమిషాలు పట్టింది. నేను పక్కనే నిలబడ్డాను.

పొరలున్నాయి. బయట తేనెరంగు, తర్వాత బూడిద, తర్వాత వెంట్రుకంత తెల్లగీత, మళ్లీ తేనె. నేను ఇరవై ఆరు దాకా లెక్కపెట్టి ఆపేశాను. నడిమధ్యలో చిక్కుడుగింజంత ఖాళీ, అందులో పటికబెల్లం పలుకుల్లాంటి స్ఫటికాలు. ఒక చెక్కకి ఆయనే వారం వారం సాన పొడి మారుస్తూ మెరుగు పెడతానన్నాడు, ఒకటి అలాగే ఉంచుతాను. చీటీ మీద "గోదారి, కందకుర్తికీ పోచంపాడుకీ మధ్య" అని రాశాను. అంతకన్నా రాస్తే అబద్ధం అవుతుంది.

అచ్చనగాయ (రాజమండ్రి)

బాగుంది, నిజంగా బాగుంది. ఒక్కటి అడుగుతాను. రెండు చెక్కలూ మూసి పట్టుకుంటే మళ్లీ ముందరిలాగే ఉందా?

గోదారి_గులకరాయి (నిజామాబాద్)

ఇప్పుడే మూసి చూశానండీ. బిళ్ల మందం మేర రాయి పోయింది కదా, అంచులు సరిగ్గా కలవడం లేదు. కంటికి పెద్దగా తెలీదు. వేలు పెట్టి రాస్తే తెలుస్తోంది.