స్కూల్ మీటింగ్‌కి పిలిచారు, నాకు ఇంగ్లీషు రాదు

నర్సరావుపేట నుంచి డాలస్ దగ్గరి ఫ్రిస్కోకి వచ్చి ఐదు నెలలైంది. బాబు రెండో తరగతి. చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారంలో అడిగితే తెలుగు అని రాశాం. ఇప్పుడు టీచర్ మీటింగ్‌కి రమ్మన్నారు. ఆ రోజు మా వారికి సెలవు దొరకదు. ఒకటే టెన్షన్. బాబుతోనే మాట్లాడించనా?

జవాబు 1: బాబుతో వద్దు అక్కా. వాడి చదువు గురించి టీచర్ చెప్పేది వాడే మీకు ఎలా చెప్తాడు? తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ఆఫీసులో ముందే అడగండి. దానికి స్కూలువాళ్లు మిమ్మల్ని డబ్బు అడగకూడదు. 1964 పౌరహక్కుల చట్టం కింద అది మీ హక్కు.

జవాబు 2: టెక్సస్‌లో అయితే, ఇంగ్లీషు ఇంకా సరిగా రాని పిల్లలకి పెట్టే ఇంగ్లీషు ప్రోగ్రాం సంగతి చూసే ఎల్‌పాక్ అనే స్కూలు కమిటీలో ఒక పేరెంట్ కూడా ఉండాలి. నిరుడు నేను కూర్చున్నాను. మీరు ఒప్పుకుంటేనే బాబుని ఆ ప్రోగ్రాంలో ఉంచుతారు, అర్థం కాకుండా సంతకం పెట్టకండి.

అడిగినవారు: ఇప్పుడే ఫోన్ చేశాను. తెలుగు మనిషిని ఫోన్లో కలుపుతామన్నారు. బాబు క్లాసులో నోరు విప్పుతున్నాడా లేదా, ముందు అదే అడుగుతాను.