‘ప్రజ్వలింప’ వెనకున్న గ్రీకు క్రియ ఏది?

కడప నుంచి ప్రశ్న:
బైబిల్లో పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక, రెండవ తిమోతి 1:6లో కృపావరాన్ని (దేవుడిచ్చిన వరాన్ని) ‘ప్రజ్వలింప’ చేయమని ఉంది కదా, అక్కడి గ్రీకు క్రియకు అసలు అర్థమేంది? ఆరిపోయినదాన్ని మళ్లీ వెలిగించమనా, మండేదాన్ని ఎగదోయమనా? బైబిల్ స్టడీలో రెండు పక్షాలైనాయి. గ్రీకు ‘పూర్’ అంటే నిప్పట, మన ‘అగ్ని’కి చుట్టమేనా?

ప్రొద్దుటూరు:
క్రియ ‘అనజోపురేఓ’. ‘అన’ అంటే పైకి, మళ్లీ. ‘జో’ ప్రాణమున్నది. ‘పుర్’ అంటే మీరడిగిన ‘పూర్’, నిప్పు. అయితే ఈ మూడూ అతికించి అర్థం చెప్పేస్తే దారి తప్పుతాం. నడుమ ‘జోపురోన్’ అనే నామవాచకం ఉంది, నివురు కింద బతికున్న కణిక అని. గ్రీకు తత్వవేత్త ప్లేటో ‘లాస్’ (చట్టాలు) అనే గ్రంథం మూడో పుస్తకంలో, జలప్రళయం తప్పించుకొని కొండకొనల మీద మిగిలిన పశులకాపరులను మనుషజాతి ‘జోపుర’లంటాడు. దాన్నుంచి పుట్టిన క్రియ కాబట్టి, పొయ్యిలో నివురు తీసి, చితుకులేసి, గొట్టంతో ఊదడమే ఇది. మన సీమ మాటలో అగ్గి రాజేయడం. అగ్గిపుల్ల గీసినట్టు కొత్తగా ముట్టించడానికి వేరే క్రియ ఉంది, ‘హప్తో’. అపొస్తలుల కార్యములు 28:2లో వానకు తడిసినోళ్లకు మంట వేసింది దాంతోనే.

ఆదోని:
అన్న చెప్పింది సరే. అక్కడి రూపం ‘అనజోపురేయిన్’, వర్తమానం. ఒక్కసారి చేసే పనైతే ‘అనజోపురేసై’ అని రాయొచ్చు. ఊది వదిలేస్తే మళ్లీ నివురు పడుతుంది కదా, ఊదుతూనే ఉండమని. కానీ ఒక్క కాలరూపం మీదే ప్రసంగమంతా కట్టొద్దు. ఆరిపోయిందని వచనం అనలేదు, ముందు వచనంలో పౌలు తిమోతి విశ్వాసాన్ని పొగిడాడు కూడా. అలాగని ‘మళ్లీ’ అనే అర్థం కొట్టేయలేం. గ్రీకు పాత నిబంధనలో ఆదికాండము 45:27, యోసేపు బతికే ఉన్నాడని తెలిసి యాకోబు ప్రాణం తేరుకున్నచోట ఇదే క్రియ. ఆర్పడానికైతే ‘స్బెన్నుమి’, మొదటి థెస్సలొనీకయులకు 5:19 చూడండి.

తాడిపత్రి:
‘అగ్ని’ చుట్టం లాటిన్ ‘ఇగ్నిస్’, ‘పూర్’ కాదు. ‘పూర్’ వైపువాళ్లు ప్రాచీన హిట్టైట్ భాషలోని ‘పహ్హుర్’, ఇంగ్లీషు ‘ఫైర్’. మనకు దొరికే బంధుత్వం ఇంకో ముక్కలో ఉంది: గ్రీకు ‘జో’, సంస్కృత ‘జీవ’ ఒకే మూలం. తెలుగు ‘నిప్పు’ ద్రావిడం, ఈ లెక్కలోకే రాదు.
ఇంకోటి, ఇదేదో భక్తి మాట అనుకోవద్దు. గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ ‘ఎలక్ట్రా’ నాటకంలో తల్లి కూతుర్ని ‘మళ్లీ కొత్త తగాదాలు రాజేస్తున్నావు’ అని దెప్పేది ఈ క్రియతోనే. అక్కడ ‘అన’ విడిపోయి ముందుకు పోతుంది, నిఘంటువులో వెతికేటప్పుడు ‘జోపురేఓ’ కింద కూడా చూడండి.